కొత్త గోల్ఫ్ వెడ్జ్‌లు: చేతికి తెలిసేది ఎంత, నేలకు తెలిసేది ఎంత?

గోల్ఫ్ సంచిలో అన్నిటికంటే త్వరగా అరిగిపోయేది వెడ్జ్. ఇసుకలోంచి బంతిని తీసేది దాంతోనే, తడి గడ్డిలోంచి లేపేది దాంతోనే, ప్రాక్టీస్‌లో వందల బంతులు కొట్టేదీ దాంతోనే. అయినా చాలామంది డ్రైవర్‌ను మూడు నాలుగేళ్లకోసారి మారుస్తారు గానీ, సెట్టుతోపాటు వచ్చిన వెడ్జ్‌ను పదేళ్లయినా వదలరు. తీరా మార్చాలని దుకాణానికి వెళితే ముందు వినిపించే మాట 'ఫీల్'. బంతికి తగలగానే మెత్తగా, వెన్న కోసినట్టు ఉంటుందంటారు. రెండు బంతులు కొట్టి చూస్తే నిజంగానే అలా అనిపిస్తుంది. డబ్బు కట్టి ఇంటికి తెచ్చుకుంటారు. నెల తిరిగేసరికి స్కోరు కార్డు మీద మాత్రం మార్పు కనిపించదు.

అలాగని కొత్త వెడ్జ్‌లు దండగ అనుకోనక్కర్లేదు. మారేది నిజంగా మారుతుంది. కాకపోతే అది మనం చూసే చోట మారదు. చేతికి తెలిసే మెత్తదనం కంటే, క్లబ్ అడుగుభాగం నేలను తాకే తీరు, ముఖం మీది గాట్ల పదును, ఒక క్లబ్‌కూ మరో క్లబ్‌కూ మధ్య ఉండే దూరం – ఈ మూడే ఫలితాన్ని నిర్ణయిస్తాయి. వీటిలో మొదటిది మన దేశంలో ఒక సమస్య కూడా, ఎందుకంటే ఇక్కడి నేల మేలో ఒకలా, ఆగస్టులో ఒకలా ఉంటుంది.

గ్రీన్ చుట్టూ ఒక్క స్ట్రోక్ విలువ ఎంతో చెప్పడానికి టోక్యో ఒలింపిక్స్ చాలు. 2021 ఆగస్టులో కసుమిగసేకి కోర్సులో అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచింది. పతకానికి దూరం ఒకే ఒక్క స్ట్రోక్. బంతిని దూరం కొట్టేవారి జాబితాలో ఆమె పేరు బాగా కింద ఉండేది. అయినా నాలుగు రోజులూ పతకం రేసులో ఉందంటే అది చిన్న షాట్లూ, పుటింగ్ చేసిన పని.

అయితే ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పుకోవాలి. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ లక్షల షాట్ల లెక్కలు తీసి తేల్చింది ఏమిటంటే, మంచి ఆటగాడికీ మామూలు ఆటగాడికీ మధ్య స్కోరు తేడాలో సుమారు మూడింట రెండు వంతులు 100 గజాల అవతలి షాట్ల నుంచే వస్తుంది. మిగిలిన ఒక వంతులోనే వెడ్జ్, బంకర్, పుటింగ్ అన్నీ సర్దుకోవాలి. 'ఆట అంతా గ్రీన్ చుట్టూనే ఉంది' అని క్లబ్‌హౌస్‌లో చెప్పే పెద్దల మాట పూర్తిగా నిజం కాదన్నమాట.

లాఫ్ట్ లెక్క

నిబంధనల ప్రకారం ఒక రౌండ్‌లో సంచిలో 14 క్లబ్‌లకు మించి ఉండకూడదు. అమెరికా గోల్ఫ్ సంఘం యూఎస్‌జీఏ ఈ పరిమితిని 1938లో తెచ్చింది, బ్రిటన్‌లోని ఆర్ అండ్ ఏ మరుసటి ఏడాది అనుసరించింది. ఈ 14లో ముఖం బాగా వెనక్కి వాలి ఉండేవి వెడ్జ్‌లు. ఆ వాలునే లాఫ్ట్ అంటారు. పిచింగ్ వెడ్జ్ 44 నుంచి 48 డిగ్రీలు, గ్యాప్ వెడ్జ్ 50 నుంచి 52, శాండ్ వెడ్జ్ 54 నుంచి 56, లాబ్ వెడ్జ్ 58 నుంచి 60 – ఇది పాత లెక్క.

ఈ లెక్క ఇప్పుడు తప్పుతోంది. బంతి ఎక్కువ దూరం వెళ్తోందని చెప్పుకోవడానికి తయారీ సంస్థలు ఐరన్ సెట్ల లాఫ్ట్‌ను ఏటేటా తగ్గిస్తూ వచ్చాయి. కొత్త సెట్లలో పిచింగ్ వెడ్జ్ 43 డిగ్రీలకు, కొన్నింటిలో అంతకన్నా కిందికి దిగింది. ఒకప్పుడు 9 ఐరన్‌కు ఉండే వాలు అది. క్లబ్ మీద 'పి' అనే అక్షరం మాత్రం మారలేదు. అలాంటి సెట్టు కొన్నవారి దగ్గర పాత 56 డిగ్రీల శాండ్ వెడ్జ్ ఉంటే, మధ్యలో 13 డిగ్రీల ఖాళీ. నాలుగు డిగ్రీలకు సుమారు పది పన్నెండు గజాల తేడా వస్తుందనుకుంటే, 30 గజాలకు పైగా దూరం ఏ క్లబ్‌కూ చెందకుండా పోతుంది. 95 గజాల నుంచి ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లగా కొట్టి తంటాలు పడేది ఇందుకే. చాలామందికి 'వెడ్జ్ బాగా లేదు' అనిపించడానికి అసలు కారణం ఈ ఖాళీయే. ఇలాంటి చోట 48, 53, 58 అని మూడు తెచ్చుకుంటే ఫీల్ ఎలా ఉన్నా లాభం కనిపిస్తుంది.

ఎన్ని వెడ్జ్‌లు అవసరమన్నది పాత చర్చే. 1980 ప్రాంతంలో అమెరికన్ ఆటగాడు టామ్ కైట్ 60 డిగ్రీల వెడ్జ్‌ను సంచిలో పెట్టుకున్నప్పుడు అది వింత. ఆ ఆలోచన వెనక ఉన్నది నాసాలో పనిచేసి వచ్చి షార్ట్ గేమ్ శిక్షకుడిగా మారిన డేవ్ పెల్జ్. ఇప్పుడు వారాంతంలో ఆడేవారి దగ్గర కూడా 60 డిగ్రీలది కనిపిస్తోంది. నిజం చెప్పాలంటే వారిలో చాలామందికి అది అక్కర్లేదు. అంత వాలు ఉన్న ముఖం కింద బంతి జారి పైకి లేచిపోతుంది గానీ ముందుకు వెళ్లదు. 56తో బంకర్ దాటలేనివారు 60తో దాటడం అరుదు.

అడుగున ఉన్న అసలు సంగతి

వెడ్జ్‌ను తిరగేసి చూడండి. ముఖం కింది అంచు కంటే అడుగుభాగం మధ్యలో కాస్త కిందికి ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు నేలతో చేసే కోణమే బౌన్స్. క్లబ్ మీద లాఫ్ట్ పక్కన ఉండే రెండో అంకె అదే – 56.12 అంటే 56 డిగ్రీల లాఫ్ట్, 12 డిగ్రీల బౌన్స్. కొనేవారు మొదటి అంకె చూస్తారు, రెండోది వదిలేస్తారు.

బౌన్స్ లేని వెడ్జ్ నాగలి కర్రు లాంటిది. దించితే దిగబడుతుంది. బౌన్స్ ఉన్నది పడవ అడుగు లాంటిది. నేల మీదో ఇసుక మీదో జారిపోతుంది. దున్నేటప్పుడు కర్రు దిగాలి గానీ, బంతి కింద దిగబడితే స్వింగ్ అక్కడే ఆగిపోతుంది, బంతి రెండు గజాలు కదిలి కూర్చుంటుంది. అలాగని బౌన్స్ ఎక్కువైతే మంచిదే అనుకోవడానికీ లేదు. గట్టి నేల మీద ఉబ్బు తగిలి క్లబ్ ఎగిరిపడుతుంది, కింది అంచు బంతి నడుముకు తగులుతుంది, బంతి గ్రీన్ దాటి అవతలి పొదల్లోకి దూసుకుపోతుంది. సాధారణంగా 4 నుంచి 6 డిగ్రీలను తక్కువ బౌన్స్ అనీ, 7 నుంచి 10ని మధ్యస్థమనీ, ఆ పైన ఎక్కువ అనీ అంటారు.

ఈ ఉబ్బుకు ఆటలో స్థానం తెచ్చింది జీన్ సారజెన్. బంకర్లో తాను పడుతున్న అవస్థ చూసుకుని, 1931-32 చలికాలంలో ఫ్లోరిడాలో ఓ మామూలు నిబ్లిక్ అడుగున సీసం అతికించి ఆకురాయితో మలుచుకున్నాడు. విమానం తోక దిగి ముక్కు పైకి లేవడం చూసి ఈ ఊహ వచ్చిందని తర్వాత చెప్పేవాడు. 1932 జూన్‌లో ఇంగ్లండ్‌లోని ప్రిన్సెస్ కోర్సులో జరిగిన బ్రిటిష్ ఓపెన్‌కు దాన్ని తీసుకెళ్లి, అధికారుల కంటపడితే నిషేధిస్తారేమోనని సంచిలో తలకిందులుగా దాచాడట. టైటిల్ గెలిచాడు. అదే నెలలో యూఎస్ ఓపెన్ కూడా గెలిచాడు. అతని భయం వట్టిదేం కాదు. అంతకు కొద్ది ముందు వచ్చిన, ముఖం గరిటెలా లోపలికి గుంటపడి ఉండే ఇసుక వెడ్జ్‌ను 1931లో నిషేధించారు. ఆ గుంట ముఖానికి బంతి రెండుసార్లు తగిలే అవకాశం ఉండేది.

బంకర్లో మంచి షాట్ అంటే క్లబ్ బంతిని తాకదు, బంతి కింది ఇసుకను తాకుతుంది. ఇసుకే బంతిని మోసుకుని బయటికి వస్తుంది. అందుకే ఇక్కడ 'మెత్తని ఫీల్' అనే మాటకు అర్థమే లేదు. ఉక్కు ఏదైనా చేతికి తెలిసేది ఇసుక బరువే. ఇదే ఇసుక ఒక తెలుగు మూలాలున్న ఆటగాణ్ని పరీక్షించింది కూడా. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన దంపతుల కొడుకు సాహిత్ తీగల, 2024 టూర్ ఛాంపియన్‌షిప్ మూడో రౌండ్‌లో బంకర్ నుంచి ఆడుతూ, వెనక్కి ఎత్తేటప్పుడు క్లబ్ ఇసుకను కదిలించినట్టు అనిపించిందని తానే అధికారులకు చెప్పాడు. రెండు స్ట్రోక్‌ల జరిమానా పడింది. ఆ టోర్నమెంట్‌ను అతను మూడో స్థానంలో ముగించాడు.

బౌన్స్‌తోపాటు వినిపించే మరో మాట గ్రైండ్. అడుగుభాగంలో మడమ వైపు, కొన వైపు, వెనక అంచున ఉక్కును ఎంత అరగదీశారన్నదే గ్రైండ్. ముఖాన్ని ఆకాశం వైపు తెరిచి ఎత్తైన షాట్ ఆడేవారికి ఇది కావాలి. ముఖం తెరిస్తే బౌన్స్ పెరిగి కింది అంచు నేల నుంచి పైకి లేస్తుంది, మడమ వైపు ఉక్కు తీసేసి ఉంటే అంచు నేలకు దగ్గరగానే ఉంటుంది. ముఖం తెరవకుండా నిటారుగా పెట్టి ఆడేవారికి ఈ అరగదీత వల్ల లాభం లేదు. వెడల్పాటి మామూలు అడుగే వారికి క్షేమం.

గాట్లు, గొడవలు

ముఖం మీది గాట్లను గ్రూవ్స్ అంటారు. బంతికి స్పిన్ ఇచ్చేది ఈ గాట్లేనని చాలామంది నమ్మకం. సగం నిజం. పొడిగా, శుభ్రంగా ఉన్న ఫెయిర్‌వే మీద నుంచి కొడితే గాట్ల వల్ల వచ్చే తేడా తక్కువ. గడ్డి, నీరు మధ్యలో చేరినప్పుడు వాటి అవసరం తెలుస్తుంది. వానలో కారు టైరు చార నీటిని పక్కకు తోసినట్టు గాట్లు తడినీ, గడ్డి రసాన్నీ లోపలికి తీసుకుని, ముఖం బంతిని పట్టుకునేలా చేస్తాయి. టైరు అరిగితే బండి జారినట్టే, గాట్ల అంచు అరిగితే బంతి ముఖం మీద జారుతుంది. స్పిన్ తగ్గి, బంతి ఎత్తుగా లేచి, గ్రీన్ మీద పడ్డాక ఆగకుండా దొర్లుతుంది.

దీని మీద పెద్ద గొడవే జరిగింది. ప్రొఫెషనల్ ఆటగాళ్లు దట్టమైన రఫ్ నుంచి కూడా బంతిని ఆపేస్తున్నారని, ఫెయిర్‌వేలో కొట్టడానికి విలువ లేకుండా పోతోందని యూఎస్‌జీఏ, ఆర్ అండ్ ఏ భావించాయి. 2008 ఆగస్టులో కొత్త నియమం ప్రకటించి, 2010 జనవరి 1 నుంచి అగ్రశ్రేణి పోటీల్లో అమలు చేశాయి. 25 డిగ్రీలు, ఆ పైన లాఫ్ట్ ఉన్న క్లబ్‌లలో గాట్ల పరిమాణాన్ని తగ్గించాయి, అంచు కనీసం 0.010 అంగుళాల వ్యాసార్ధంతో గుండ్రంగా ఉండాలన్నాయి. ఆ నెలలోనే శాన్ డియాగోలో జరిగిన టోర్నమెంట్‌కు ఫిల్ మికెల్సన్ పాత పింగ్ ఐ2 వెడ్జ్‌తో దిగాడు. దాని గాట్లు కొత్త నియమానికి సరిపోవు. కానీ 1990 ఏప్రిల్ 1కి ముందు తయారైన ఐ2 క్లబ్‌లను నిషేధించకూడదని పాత వ్యాజ్యం పరిష్కారంలో రాసుకున్నారు. కాబట్టి అది చట్టబద్ధమే. తోటి ఆటగాళ్ల నుంచి విమర్శ మాత్రం గట్టిగానే వచ్చింది. చివరికి పింగ్ సంస్థే ఆ హక్కును వదులుకోవడంతో ఆ ఏడాది మార్చి నెలాఖరులో ఆ దారి మూసుకుపోయింది.

మామూలు ఆటగాడికి ఇందులో పనికొచ్చే ముక్క ఒకటుంది. పేరున్న సంస్థలు 2011 నుంచి తయారుచేస్తున్నవి కొత్త నియమానికి లోబడినవే. పాత సంచిలోంచి తీసిన వెడ్జ్‌తో పోటీకి దిగాలనుకుంటే, ఆ టోర్నమెంట్‌కు గ్రూవ్ షరతు ఉందేమో ముందే చూసుకోవాలి.

గాట్లు ఎన్నాళ్లు నిలుస్తాయి? 75 రౌండ్ల తర్వాత వెడ్జ్ మార్చుకోవడం గురించి ఆలోచించమని టైటిలిస్ట్ వోకీ విభాగం చెబుతూ వస్తోంది. అమ్మేవారి మాట కాబట్టి కొంత తగ్గించి తీసుకోవచ్చు. వారానికి ఒక రౌండ్ ఆడేవారికి అది ఏడాదిన్నర, నెలకు రెండు ఆడేవారికి మూడేళ్లు. అయితే రౌండ్ల కంటే బంకర్ ప్రాక్టీస్ ఎక్కువ అరగదీస్తుంది. ఇసుక రేణువు ఉక్కు మీద ఆకురాయిలా పనిచేస్తుంది. గోరు గాటులో అడ్డంగా లాగి చూడండి. అంచు దగ్గర తట్టుకుని ఆగితే ఇంకా పని ఉంది. నున్నగా జారిపోతే కాలం చెల్లినట్టే.

ఫీల్ ఎక్కడి నుంచి వస్తుంది

ఇప్పుడు వెన్న మాటకు వద్దాం. బంతి ముఖానికి అంటుకుని ఉండేది సెకనులో సుమారు రెండు వేలవ వంతు. ఆ కదలిక షాఫ్ట్ మీదుగా గ్రిప్‌కు, చేతి నరాల నుంచి మెదడుకు చేరేసరికి అంతకు ఎన్నో రెట్ల సమయం పడుతుంది. అంటే 'తగిలింది' అని మనకు తెలిసేసరికి బంతి వెళ్లిపోయి ఉంటుంది. ఫీల్ షాట్‌ను మార్చదు, అయిపోయిన షాట్ గురించిన వార్త అది.

ఆ వార్తలోనూ పెద్ద భాగం చెవి నుంచి వస్తుంది. ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో యూనివర్సిటీ పరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనంలో, మంచి ఆటగాళ్లు షాట్ ఫీల్ గురించి చెప్పినదానికీ, దెబ్బ శబ్దానికీ గట్టి సంబంధం కనిపించింది. నమ్మకం లేకపోతే చెవుల్లో దూది పెట్టుకుని, పాత వెడ్జ్‌తో పది, కొత్తదానితో పది కొట్టి చూడొచ్చు. తేడా ఎంత తగ్గుతుందో తెలిసిపోతుంది.

ఫోర్జ్‌డ్, కాస్ట్ అనే వాదన కూడా ఇక్కడిదే. కొలిమిలో కాల్చి అచ్చులో కొట్టి చేసినది ఫోర్జ్‌డ్, కరిగించి పోసినది కాస్ట్. ఫోర్జ్‌డ్ మెత్తగా ఉంటుందని ప్రచారం. జపాన్‌కు చెందిన మిజునో పేరు ఈ పద్ధతి మీదే నిలిచింది. మరోవైపు, ప్రొఫెషనల్ ఆటగాళ్లు అత్యధికంగా వాడే వోకీ వెడ్జ్‌లు 8620 రకం కార్బన్ ఉక్కును కరిగించి పోసినవి. ప్రపంచంలోకెల్లా సున్నితమైన చేతులున్నవారు కాస్ట్ వెడ్జ్‌తో సుఖంగా ఆడుతున్నప్పుడు, వారానికోసారి ఆడేవారు ఫోర్జ్‌డ్ కోసం అదనంగా ఖర్చుపెట్టడంలో అర్థం వెతుక్కోవాలి.

అయితే ఫీల్ అంతా భ్రమ అనడం కూడా తప్పే. రెండు చోట్ల అది నిజంగా ఆటను తాకుతుంది. ఒకటి బరువు. తేలికైన గ్రాఫైట్ షాఫ్ట్ ఐరన్లు వాడేవారు – పెద్దవయసువారు, చాలామంది మహిళలు – దుకాణంలో దొరికే మామూలు వెడ్జ్ కొంటే, అందులో 120 గ్రాములు దాటిన స్టీల్ షాఫ్ట్ ఉంటుంది. 9 ఐరన్ తర్వాత అది చేతిలో సుత్తిలా ఉంటుంది. స్వింగ్ లయ చెడుతుంది. ఇలాంటివారు షాఫ్ట్ అడిగి మార్పించుకోవాలి, అడగకపోతే ఎవరూ చెప్పరు. రెండోది గ్రిప్. మన ఎండలకు కారు డిక్కీలో పడి ఉన్న రబ్బరు గ్రిప్ ఏడాదికే గట్టిపడి గాజులా జారుతుంది. జారే గ్రిప్‌ను గట్టిగా పట్టుకుంటాం, గట్టిగా పట్టుకుంటే మణికట్టు బిగుసుకుంటుంది, చిన్న షాట్ పాడవుతుంది. కొత్త వెడ్జ్‌లో 'అబ్బ, ఎంత బాగుందో' అనిపించేదానిలో కొత్త గ్రిప్ వాటా తక్కువేమీ కాదు. పాత వెడ్జ్‌కు కొత్త గ్రిప్ వేయించి, రెండు వారాలు ఆడి, అప్పుడు కొత్తది కావాలా అని ఆలోచించడం చవకైన పరీక్ష.

మన నేల, మన తెల్లవారుజాము

వెడ్జ్ సలహాలు చాలావరకు అమెరికా, బ్రిటన్ నుంచి వస్తాయి. అక్కడి మెత్తని చల్లటి గడ్డి మన మైదాన ప్రాంతాల్లో ఉండదు. మన దగ్గర ఎక్కువగా కనిపించేది బెర్ముడా జాతి గడ్డి. మొండిది, వేసవిలో పలచబడి అడుగున నేల కనిపిస్తుంది. గోల్కొండ కోట పక్కన ఉన్న హైదరాబాద్ కోర్సులో గానీ, గచ్చిబౌలి బండరాళ్ల మధ్య ఉన్న బౌల్డర్ హిల్స్‌లో గానీ మే నెలలో ఆడేవారికి, ఆగస్టులో ఆడేవారికి ఒకే బౌన్స్ సరిపోవడం కష్టం. వేసవి గట్టిదనానికి 6 నుంచి 8 డిగ్రీలు హాయిగా ఉంటాయి. వానాకాలపు మెత్తని నేలలో అదే క్లబ్ కర్రులా దిగబడుతుంది.

రెండు కాలాలకు రెండు సెట్లు కొనడం ఎవరివల్ల అవుతుంది? దీనికి ఒక సర్దుబాటు ఉంది. శాండ్ వెడ్జ్‌ను 12 డిగ్రీల ప్రాంతంలో, లాబ్ వెడ్జ్‌ను 6 నుంచి 8లో తీసుకుంటే, బంకర్లోనూ బురదలోనూ మొదటిది, ఎండిన నేల మీద రెండోది వాడుకోవచ్చు. ఒకే బౌన్స్‌తో మూడు వెడ్జ్‌లు కొనడం కంటే ఇది తెలివైన పని. బంకర్ల విషయంలో మాత్రం మీ కోర్సు సంగతి మీరే చూసుకోవాలి. ఇసుక మందంగా ఉంటే ఎక్కువ బౌన్స్. చాలా చోట్ల ఉన్నట్టు రెండంగుళాల ఇసుక కింద గట్టి నేల తగిలితే, పెద్ద ఉబ్బు ఎగిరిపడి బంతిని ఎదుటి గోడకు కొడుతుంది.

మరో సంగతి, మనం ఆడే వేళ. ఎండ భయంతో మన దేశంలో గోల్ఫ్ తెల్లవారకముందే మొదలవుతుంది. మొదటి ఐదారు హోల్స్ గడ్డి మీద మంచు ఉంటుంది. అంటే మనకు ఎక్కువ షాట్లు తడి గడ్డిలోంచే. పొడి ఫెయిర్‌వేలో అరిగిన గాట్లు పెద్దగా నష్టం చేయవని పైన అనుకున్నాం గదా, ఆ ఊరట తెల్లవారుజామున ఆడేవారికి వర్తించదు. ఉదయం ఏడు గంటలకు టీ మీద ఉండేవారికి పదునైన గాట్ల విలువ సాయంత్రం ఆడేవారికంటే ఎక్కువ. ప్రతి షాట్ ముందు తువ్వాలుతో ముఖం తుడవడం కూడా అంతే విలువైనది, పైగా ఉచితం.

దక్షిణాసియాలో వెడ్జ్ విద్య ఎక్కువగా నేర్చింది క్యాడీలూ, వారి పిల్లలూ. ఎస్‌ఎస్‌పీ చౌరాసియా తండ్రి 1829లో మొదలైన రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో గ్రీన్‌కీపర్. ఆ పిల్లవాడు ఎవరూ నేర్పకుండా చూసి నేర్చుకుని, 2008లో ఢిల్లీలో ఇండియన్ మాస్టర్స్, ఆ తర్వాత 2016, 2017లలో వరుసగా ఇండియన్ ఓపెన్ గెలిచాడు. చిప్, పుట్ కలిపి అతని ఇంటిపేరును తోటివారు 'చిప్‌పుట్‌సియా' అని మార్చేశారు. ఢాకాలోని కుర్మిటోలా క్లబ్‌లో బంతులు ఏరే కుర్రాడిగా మొదలైన సిద్దికుర్ రహ్మాన్ 2016 రియో ఒలింపిక్స్‌లో బంగ్లాదేశ్ జెండా పట్టుకుని నడిచాడు. క్యాడీగా పెరిగిన పిల్లలకు దొరికేది తరచూ ఒకే అరిగిన క్లబ్. దాంతోనే ఎత్తుగా, తక్కువగా, దొర్లించి, ఆపి ఆడటం నేర్చుకుంటారు. 60 డిగ్రీల వెడ్జ్ లేకపోవడం వారికి కొరత కాలేదు.

కొనే ముందు

బంతి సంగతి తేలకుండా వెడ్జ్ కొనవద్దు. గట్టి ఐయోనమర్ పొర ఉన్న చవక బంతి, చెరువులోంచి తీసి అమ్మే బంతి, మెత్తని యూరిథేన్ పొర ఉన్న బంతి – గ్రీన్ దగ్గర వీటి స్పిన్ తేడా, పాత వెడ్జ్‌కూ కొత్త వెడ్జ్‌కూ ఉండే తేడా కంటే ఎక్కువగా ఉండొచ్చు. పీజీఏ టూర్ ఆటగాళ్ల పిచింగ్ వెడ్జ్ షాట్ సగటున నిమిషానికి 9,000కు పైగా తిరుగుతుందంటే, అందులో ఉక్కుతోపాటు బంతి పొర, క్లబ్ వేగం కలిసి ఉన్నాయి. రాయిలాంటి బంతితో ఆడుతూ కొత్త గాట్ల నుంచి వెనక్కి లాగే షాట్ ఆశించడం కుదరదు.

అమెరికాలో పేరున్న సంస్థల కొత్త వెడ్జ్ ధర దాదాపు 150 నుంచి 200 డాలర్ల మధ్య ఉంటోంది. ఇక్కడికి వచ్చేసరికి సుంకాలు, రవాణా కలుస్తాయి కాబట్టి, తెలుగు కుటుంబాల్లో అక్కడి నుంచి వచ్చే అన్నయ్యతోనో బావతోనో తెప్పించుకోవడం మామూలే. ధర కలిసొస్తుంది, కొలత మాత్రం తప్పుతుంది. వచ్చినాయన దుకాణంలో ఏది కనిపిస్తే అది తెస్తాడు. 'వెడ్జ్ తీసుకురా' అని కాకుండా లాఫ్ట్, బౌన్స్, షాఫ్ట్ మూడూ రాసి పంపాలి. ఆన్‌లైన్‌లో సగం ధరకు దొరికే కొత్త వెడ్జ్‌ల విషయంలో అనుమానం పెట్టుకోవడమే మంచిది. నకిలీల్లో లాఫ్ట్ అంకె ఒకటి, అసలు వాలు మరొకటి ఉంటుంది.

పరీక్షించే చోటు ముఖ్యం. నగరాల్లో ఇండోర్ సిమ్యులేటర్ ముందు మ్యాట్ మీద కొట్టించి చూపిస్తారు. లాఫ్ట్ ఖాళీలు, దూరాలు తెలుసుకోవడానికి అది బాగానే పనికొస్తుంది. బౌన్స్ గురించి మాత్రం మ్యాట్ అబద్ధం చెబుతుంది. వెనక పడ్డ క్లబ్ కూడా మ్యాట్ మీద జారి బంతికి తగులుతుంది, షాట్ బాగా వచ్చినట్టే కనిపిస్తుంది. డెమో వెడ్జ్ అడిగి తీసుకుని, మీరు రోజూ ఆడే గడ్డి మీద, మీ కోర్సు బంకర్లో ఇరవై షాట్లు ఆడండి. దిగబడితే బౌన్స్ చాలలేదు. ఎగిరిపడి బంతి నడుముకు తగులుతుంటే ఎక్కువైంది.

పూత లేని 'రా' వెడ్జ్‌లు కొంతకాలంగా బాగా అమ్ముడవుతున్నాయి. ఎండలో మెరవకపోవడం వాటి లాభం. తుప్పు పడితే స్పిన్ పెరుగుతుందన్నది మాత్రం ఎక్కువగా నమ్మకమే. విశాఖ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో అవి వారాల్లోనే ఎర్రబడతాయి. నూనె గుడ్డతో తుడిచే ఓపిక లేకపోతే క్రోమ్ పూతే మేలు. గాట్లను మళ్లీ పదును పెట్టే చిన్న పరికరాలు కూడా దొరుకుతాయి. మట్టి గీకడానికి వాడితే సరే, ఉక్కును కోస్తే గాటు కొలత మారి ఆ క్లబ్ నిబంధనలకు విరుద్ధమయ్యే ప్రమాదం ఉంది. కొత్తది వచ్చాక పాత 56ను పారేయనక్కర్లేదు. బంకర్ ప్రాక్టీస్‌కు దాన్నే వాడితే, అరగాల్సింది అదే అరుగుతుంది, కొత్తదాని గాట్లు ఆట కోసం మిగులుతాయి.